గోల్కొండ దిగాక తొడల నొప్పి: లాక్టిక్ ఆమ్లం కాదండీ

ఆదివారం గోల్కొండ ఎక్కి దిగారు, మంగళవారానికి మెట్రో స్టేషన్ మెట్లు దిగాలన్నా ప్రాణం పోతోందన్నారు. కష్టపడ్డ కండరంలో తయారయ్యే లాక్టిక్ ఆమ్లం పేరుకుందేమోనని మీ అనుమానం. కాదండీ, అది గంటా రెండు గంటల్లోనే తగ్గిపోతుంది.

అసలు దెబ్బ ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు తగిలింది. కండరంలో ఆక్టిన్, మయోసిన్ అనే సన్నని పోగులు ఒకదాని పక్కన ఒకటి జారితేనే అది ముడుచుకుంటుంది. మెట్లు దిగేటప్పుడు తొడ ముందరి కండరం ఒంటి బరువును ఆపుతూనే సాగాలి. ఆ లాగుడుకి పోగుల వరస అక్కడక్కడా చెదురుతుంది. మరమ్మతు జరిగే 24 నుంచి 72 గంటల మధ్యే నొప్పి ఎక్కువ.

మంచమెక్కకుండా మెల్లగా నడవండి. మూత్రం కోలా రంగులో వస్తే మాత్రం వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.