పాఠం చెబితే పాట పోతుందా?

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం నేర్చుకున్న బారిటోన్‌ని, అంటే మగ గొంతుల్లో మధ్యస్థాయిలో పాడేవాణ్ని. కచేరీలు అప్పుడొకటి ఇప్పుడొకటి వస్తున్నాయి. ఒక సంగీత పాఠశాలవాళ్లు వారానికి మూడు రోజులు పాఠాలు చెప్పమంటున్నారు. ఒప్పుకుంటే ఇక స్టేజీ మీద ఎవరూ పిలవరని స్నేహితులు అంటున్నారు. ఇప్పటికే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి నేర్పుతున్నాను. ఆ రోజుల్లో సాయంత్రానికి గొంతు అలిసిపోతోంది. అదో టెన్షన్. ఏం చేయమంటారు?
– పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: ఒప్పుకోండి. మీ స్నేహితులు అభిమానంతోనే చెప్పి ఉంటారు కానీ, ఈ వృత్తి ఎలా నడుస్తుందో వాళ్లకు తెలిసినట్టు లేదు. ఒపెరా (పాటలతో నడిచే నాటకం) సంస్థల్లో నెలజీతం మీద పాడేవాళ్లను పక్కన పెడితే, మా గాయకుల్లో చాలామంది పాట, పాఠం రెండూ చేసుకునే బతుకుతారు. ఒక నెల బృందగానంతో, ఆర్కెస్ట్రాతో పాడే మెండెల్సన్ ‘ఎలైజా’, ఇంకో నెల చిన్న హాల్లో షూబర్ట్ పాటలు, మధ్యలో ఖాళీ. జలుబు చేసి కచేరీ మానుకుంటే చాలాసార్లు ఆ డబ్బూ రాదు.

పాఠాల ఆదాయం ఉండబట్టే నేను ‘ఈ పాత్ర ఇప్పుడే వద్దండీ’ అని చెప్పగలిగాను. బారిటోన్‌కి ఆ మాట చెప్పే వీలుండటం చాలా అవసరం. మొజార్ట్ ఒపెరా ‘డాన్ జొవాన్నీ’ని 1787లో మొదటిసారి ప్రదర్శించినప్పుడు ఆ పేరున్న ప్రధాన పాత్ర పాడిన లూయీజీ బాసీకి 21 ఏళ్లే. 1851లో వెర్డి ఒపెరాలో రిగొలెట్టో పాత్రను మొదట పాడిన ఫెలీచే వరేసి నలభైకి దగ్గరపడ్డాడు. 1893లో వెర్డిదే మరో ఒపెరాలో ఫాల్‌స్టాఫ్ పాత్ర పాడేనాటికి విక్టర్ మోరెల్ నలభై దాటాడు. ఈ తేడా ఊరికే రాలేదు. వెర్డి బారిటోన్‌ని చాలాసేపు పై స్వరాల్లోనే ఉంచుతాడు, ఆర్కెస్ట్రా కూడా పెద్దది. డబ్బు అవసరం కొద్దీ ఇరవైల్లోనే అలాంటి పాత్రలకు ఒప్పుకుని గొంతు పాడు చేసుకున్నవాళ్లను చూశాను. మీ వయసుకి మొజార్ట్ ‘మ్యాజిక్ ఫ్లూట్’లోని పాపగేనో పాత్ర ఉంది, షూబర్ట్, షూమన్ పాటలు బోలెడున్నాయి. రిగొలెట్టో ఎక్కడికీ పోడు.

ఇక గొంతు అలసట. మీ ఉత్తరంలో నాకు కంగారు పుట్టించింది ఇదే. పాఠాల్లో గొంతుకు దెబ్బ తగిలేది ఎక్కువగా మాటల వల్ల. పియానో మోగుతుండగా దాని మీంచి గట్టిగా మాట్లాడతాం. విద్యార్థితో పాటు మనమూ పాడేస్తాం. సొప్రానోకి, అంటే పై స్థాయిలో పాడే ఆడ గొంతుకి, చూపించాలని మనమూ అక్కడే దొంగ గొంతుతో పాడతాం. ఇవి మూడూ ఈ వారమే మానేయండి. మాట్లాడాలంటే ముందు పియానో ఆపండి. విద్యార్థి పాడుతున్నప్పుడు మీరు పాడకండి, పాడితే ఆ పిల్లవాడి గొంతు మీకు వినపడదు. చూపించక తప్పకపోతే ఒక్క స్వరవాక్యం చాలు, అదీ మీ స్థాయిలోనే. నేను నా సాధన మొదటి పాఠం కంటే ముందే, ఉదయమే ముగిస్తాను. కచేరీ ముందురోజు పాఠాలు పెట్టుకోను. ఈ రెండు షరతులూ పాఠశాలవాళ్లకు చేరకముందే చెప్పండి. చేరాక చెబితే ఎవరూ వినరు. ఇంత జాగ్రత్త తీసుకున్నా బొంగురు రెండు మూడు వారాలు పోకపోతే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

వింటూ నేర్పడం అంటే నాకు పందొమ్మిదో శతాబ్దపు గాన గురువు మాన్యుయెల్ గార్సియా గుర్తొస్తాడు. ఆయనా బారిటోనే. ఇరవై ఏళ్ల వయసులో తండ్రి బృందంతో న్యూయార్క్‌లో ఒపెరాలు పాడాడు, కొన్నేళ్లకే స్టేజీ వదిలేశాడు. 1841లో గొంతు దెబ్బతిన్న స్వీడన్ గాయని జెన్నీ లిండ్ తన దగ్గరికి వస్తే ముందు కొన్ని వారాలు అసలు పాడొద్దన్నాడు. ఆ తర్వాతే పాఠం. 1854లో చిన్న అద్దం, సూర్యకాంతి సాయంతో పాడే మనిషి స్వరతంత్రులను చూశాడు, అదీ తన గొంతులోనే. ఇప్పటి డాక్టర్లు గొంతు పరీక్ష చేసే పద్ధతికి అదో మొదలు. నేర్పడాన్ని ఆయన ఎంత పెద్ద పనిగా చూశాడో దీన్నిబట్టే తెలుస్తుంది.

నేర్పడం వల్ల పాట బాగుపడుతుందని నా అనుభవం. షూబర్ట్ పాటల మాల ‘వింటర్‌రైజ’లో మొదటి పాట మైనర్ అనే విషాదపు స్వరవరుసలో నడిచి, చివరి చరణానికి మేజర్ అనే వెలుగున్న స్వరవరుసలోకి మారుతుంది. ఒక విద్యార్థి అక్కడ గొంతు వణికించి బాధంతా ఒలకబోసేవాడు. ‘మార్పు షూబర్టే చేసి పెట్టాడు, నువ్వు మెల్లగా, తిన్నగా పాడు చాలు’ అన్నాను. పాడాడు. పియానో దగ్గర కూర్చున్న నాకు కళ్లు చెమర్చాయి. ఆ తర్వాతి కచేరీలో నేనూ ఆ చరణం అలాగే పాడాను, ఇప్పటికీ అలాగే పాడుతున్నాను.

ప్రశ్న: మా అబ్బాయికి 16 ఏళ్లు. గొంతు మారి బాగా బరువెక్కింది. నేర్పేవాళ్లు బారిటోన్ అంటున్నారు. వాడు రికార్డులు విని పెద్ద పెద్ద ఒపెరా పాటలు అలాగే పాడుతున్నాడు. పాడనివ్వొచ్చా?
– ఒక తల్లి

జవాబు: పాడటం ఆపించకండి అమ్మా, ఆ పాటలు మాత్రం ఆపించండి. రికార్డుల్లో వినిపించేది ఎన్నో ఏళ్ల సాధనతో పండిన గొంతు. దాన్ని అనుకరించబోయి పిల్లలు నాలుకను వెనక్కి నొక్కుతారు, స్వరపేటికను బలవంతంగా కిందికి తోస్తారు. లోపల వాళ్లకు గంభీరంగానే వినిపిస్తుంది, బయట హాల్లో చివరి వరుసదాకా కూడా వెళ్లదు. ఆర్కెస్ట్రాను దాటి వినిపించే గొంతులో సుమారు 3000 హెర్ట్‌జ్ దగ్గర ఒక మెరుపు ఉంటుంది. బలవంతపు బరువు పెడితే ముందు పోయేది అదే.

బారిటోన్ అన్న ముద్ర ఇప్పుడే వేయకండి. ఇటలీ గాయకుడు కార్లో బెర్గోంజీ 1948లో బారిటోన్‌గా మొదలుపెట్టి, 1951లో టెనర్‌గా, అంటే ఇంకా పై స్థాయిలో పాడే మగ గొంతుగా, మారి ఆ స్థాయిలోనే పేరు తెచ్చుకున్నాడు. మీవాడి గొంతు ఏ స్వరాల దగ్గర హాయిగా నిలుస్తుందో, పైకి వెళ్లేటప్పుడు ఎక్కడ మలుపు తిరుగుతుందో చూసి కొన్నేళ్లకు తేల్చుకోవచ్చు. ఈలోగా మధ్యస్థాయిలో చిన్న ఇటాలియన్ పాటలు పాడించండి. పియానో, సంగీత లిపి చదవడం నేర్పించండి. వీలైతే జర్మన్ కూడా మొదలుపెట్టించండి.