పరిశోధన పత్రాలను సాఫ్ట్‌వేర్‌తో తనిఖీ చేయిస్తే దొంగరాతలు ఆగుతాయా?

ఆగవు. నా సంగతి చెప్తాను, మీకే తెలుస్తుంది.

మాది నెల్లూరు. మైపాడు పక్కన ఒక షెడ్డులో వెనామీ రొయ్యల మేత మీద ప్రయోగం చేశాను. 12 తొట్లు, 4 రకాల మేత, ఒక్కో మేతకి 3 తొట్లు. మా కొత్త మేత తిన్నవి బ్రహ్మాండంగా పెరిగాయి. పేపరు పంపితే ఎడిటర్ కంటే ముందు ఒక సాఫ్ట్‌వేర్ చదివి రిపోర్టు ఇచ్చింది. రొయ్యలు ఆడా, మగా? రాయలేదు. ఏ తొట్టికి ఏ మేతో లాటరీ తీసి పెట్టారా? రాయలేదు. డేటా ఎక్కడ దొరుకుతుంది? రాయలేదు.

ఆడా మగా అన్నదానికి షెడ్డంతా పడీ పడీ నవ్వాం. అర గ్రాము పిల్లని చేతిలో పెట్టి ఆడో మగో చెప్పమంటే హేచరీ వాళ్లే చేతులెత్తేస్తారు. ఎలుకల్ని అడగాల్సిన ప్రశ్న రొయ్యల్ని అడిగితే ఎట్లా!

లాటరీ దగ్గరికొచ్చేసరికి నవ్వాగింది. మేత వేయడానికి సులువని వరసగా పెట్టేశాను. తలుపు దగ్గర 3 తొట్లకి పాత మేత, పడమటి చివర 3 తొట్లకి కొత్తది. మేత వేసే పెద్దాయన విని, "పడమటి పక్క గోడకి రేకు ల్యా గదా అబ్బయ్యా. సాయంత్రం దాకా ఎండ ఆ మూడిట్లోనే పడతాది. నీళ్లు వెచ్చంగా ఉంటే రొయ్య రెండు గింజలు ఎక్కువే తింటాది" అన్నాడు.

"మరి అప్పుడే చెప్పలేదేం మామా?"

"నువ్వడిగితే గదా!"

60 రోజులు ఆ తొట్ల చుట్టూ తిరిగిన నాకు కనపడలేదు. సీనియర్ అన్నకి ఫోన్ చేస్తే "ర్యాండమ్‌గా కేటాయించాం అని ఒక్క ముక్క తగిలించరా, పోతుంది" అన్నాడు. తగిలించాను. జర్నల్‌కి పంపే ముందు మనమే పరీక్షించుకునే వీలుంది కాబట్టి పెట్టి చూశాను. ఆకుపచ్చ టిక్కు! అదీ దాని తెలివి. మాట ఉందా అని చూస్తుంది, పని జరిగిందో లేదో దానికేం తెలుసు?

అంకెల విషయంలో మాత్రం యంత్రానికి దండం పెట్టాలి. స్టాట్‌చెక్ అని ఒకటుంది. పేపర్లో ఉన్న లెక్కలతోనే పీ విలువని, అంటే వచ్చిన తేడా కాకతాళీయమా కాదా అని అంచనా వేయడానికి వాడే అంకెని, మళ్లీ కట్టి చూస్తుంది. 1985 నుంచి 2013 దాకా 8 సైకాలజీ జర్నళ్లను దానితో చదివిస్తే, అది చదవగలిగిన పేపర్లలో సగంలో ఒకటో, అంతకంటే ఎక్కువో పీ విలువలు లెక్కకి పొసగలేదు.

మన దగ్గర తనిఖీ అంటే కాపీ శాతం ఒక్కటే. 2018 యూజీసీ నిబంధనల్లో 10 శాతం దాకా శిక్ష లేదు. ఇక రీసెర్చ్ పిల్లలు ఆ శాతం తగ్గించడానికి నెలల తరబడి వాక్యాల్లో మాటలు మార్చుకుంటూ కూర్చుంటారు. తొట్టి ఎక్కడ పెట్టావురా అని అడిగే నాథుడు లేడు. ఆ ప్రశ్నలేవో తొట్లలో సీడ్ (రొయ్య పిల్లలు) వదలకముందే చేతిలో పెడితే కదా ఉపయోగం, పేపరు రాశాక ఎందుకు?

వేసవిలో మళ్లీ మొదలుపెట్టాను. చీటీలు గ్లాసులో వేసి పెద్దాయన చేతే తీయించాను. ఈసారి కొత్త మేతకీ పాత మేతకీ పెద్ద తేడా రాలేదు. "తేడా లేని పేపరు ఎవరు వేస్తారయ్యా?" అంటున్నారు మా సారు. పాతది ఇంకా ల్యాప్‌టాప్‌లోనే ఉంది, ఆకుపచ్చ టిక్కుతో సహా.