వెన్నెముక ఆపరేషన్‌లో నరాలను కనిపెట్టి ఉండే ఉద్యోగం

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పాసైంది. నీట్‌లో సీటు వచ్చే ర్యాంకు రాలేదు. బంధువులబ్బాయికి వెన్ను వంకర సరిచేసే ఆపరేషన్ చేసినప్పుడు నరాలను గమనించడానికి ప్రత్యేకంగా ఒకరున్నారట. అది విన్నప్పటినుంచి ఆ పనే నేర్చుకుంటానంటోంది. మెషిన్ చూస్తూ కూర్చునే పనికి భవిష్యత్తు ఉంటుందా? – ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ఊరికే కూర్చునే పని కాదది. మత్తులో ఉన్న మనిషి తన కాలు పడిపోతోందని చెప్పలేడు. 1970లలో ఆపరేషన్ మధ్యలో మత్తు తగ్గించి, రోగిని పిలిచి పాదాలు కదపమనేవారు. ఇప్పుడు చీలమండ దగ్గర నరానికి కొద్దిగా కరెంటు ఇచ్చి, ఆ సంకేతం మెదడుకు చేరుతోందా అని తలకు పెట్టిన ఎలక్ట్రోడ్లతో చూస్తారు. తల దగ్గర కరెంటు ఇచ్చి, కాలి కండరాలు స్పందిస్తున్నాయా అని కూడా చూస్తారు.

సంకేతం మొదట్లో ఉన్నదానిలో సగానికి పడిపోతే ప్రమాద సూచనగా తీసుకుంటారు. అసలు కష్టం అక్కడే మొదలవుతుంది. వంకర సరిచేయడానికి బిగించిన రాడ్లతో వెన్నును ఎక్కువగా లాగారా, బీపీ పడిపోయిందా, మత్తు డోసు మారిందా, లేక వైరు ఊడిందా? త్వరగా తేల్చుకోవాలి. సీనియర్ సర్జన్‌తోనైనా "సార్, ఒక్క నిమిషం ఆగండి" అనగలగాలి. సకాలంలో చెబితే బీపీ పెంచి, లాగినదాన్ని కాస్త వదులు చేసి, చాలాసార్లు కాళ్లు కాపాడొచ్చు. తప్పు కనిపిస్తే పెద్దవాళ్లకైనా చెప్పే స్వభావం, గంటల తరబడి ధ్యాస చెదరని ఓపిక మీ అమ్మాయికి ఉన్నాయా? ఉంటే ధైర్యంగా పంపండి. ఈ పనిలో మార్కులకన్నా అవే ముఖ్యమని నా నమ్మకం.

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఆరోగ్య విశ్వవిద్యాలయాల పరిధిలో న్యూరో ఫిజియాలజీ టెక్నాలజీ లేదా దానికి దగ్గరి పేరుతో బీఎస్సీ కోర్సు ఉంది. ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు. అందులో ఈఈజీ (మెదడులోని విద్యుత్ సంకేతాలను నమోదు చేసే పరీక్ష), నరాల పరీక్షలు ప్రధానం. ఆపరేషన్ థియేటర్ పని చాలావరకు తర్వాత సీనియర్ల దగ్గర నేర్చుకోవాల్సిందే. ఉద్యోగాలు ఎక్కువగా పెద్ద నగరాల్లో, మెదడు, వెన్నెముక ఆపరేషన్లు చేసే ఆస్పత్రుల్లోనే దొరుకుతాయి. ఖమ్మంలోనే ఉండాలంటే కష్టం. అయితే ఈఈజీ ల్యాబ్ పని చేతిలో ఉంటుంది కాబట్టి ఖాళీగా ఉండాల్సిన టెన్షన్ తక్కువ. అమెరికాలో ఈ పనికి సీఎన్ఐఎం అనే సర్టిఫికేషన్ ఉంది. దానికి డిగ్రీతోపాటు 150 ఆపరేషన్లలో పనిచేసిన అనుభవం చూపించాలి.

కౌన్సెలింగ్‌లో కాలేజీ పేరు చూసి ఆప్షన్ పెట్టకండి. అనుబంధ ఆస్పత్రిలో న్యూరోసర్జరీ విభాగం ఉందా, నరాలను గమనించే మానిటరింగ్ మెషిన్ వాడుతున్నారా, విద్యార్థులను థియేటర్‌లోకి రానిస్తారా? ఈ మూడూ అక్కడ ఇంటర్న్‌షిప్ చేస్తున్న పిల్లలను అడగండి.