శుక్రవారం కాగితం

చి.ల.సౌ. అమ్మాయికి మీ మేనత్త ఆశీర్వదించి రాసేది. ఇక్కడ మద్రాసు తండయారుపేటలో మేమంతా క్షేమం.

చిన్నోడికి ఇక్కడ బుద్ధి ఎదుగుదల తక్కువున్న పిల్లల హాస్టల్లో సీటొచ్చిందని చెప్తూనే మొన్న ఫోన్లో ఏడ్చేశావు. సోమవారం పొద్దున దింపి శుక్రవారం సాయంత్రం తెచ్చుకోవాలి, నాలుగు రాత్రులు నేను పక్కన లేకుండా వాడు ఎట్లా పడుకుంటాడత్తా అన్నావు. నాకు వెంటనే మాట రాలేదు. పంతొమ్మిదేళ్ళు ఇట్లాంటి పిల్లల హాస్టల్లోనే వార్డెన్‌గా చేశాను, గేటు దగ్గర ఏడ్చే తల్లులు నాకు కొత్త కాదు. అయినా మనింటి పిల్ల ఏడిస్తే వేరు. అందుకే కూర్చుని రాస్తున్నా.

నీ భయమంతా నాలుగు రాత్రుల మీద ఉంది. నా భయం శని ఆదివారాల మీద. నాలుగు రోజుల్లో తన పళ్ళెం తనే కడుక్కోవడం, నిక్కరు తనే ఎక్కించుకోవడం నేర్చుకున్న పిల్లల్ని ఎంతమందినో చూశాను. సోమవారం తిరిగొచ్చేసరికి నోరు తెరుచుకుని కూర్చునేవాళ్ళు, ఎవరైనా పెడతారని. ఇంట్లో అందరికీ ఒకటే బాధ, పిల్లాణ్ణి దూరం పెట్టామని. ఆ బాధంతా ముద్దలు చేసి పెడతారు. మీ అత్తగారి సంగతి నాకు తెలుసు, వద్దంటే వినదు, వినకపోయినా తప్పు లేదు. ఆదివారం మధ్యాహ్నం ఒక్క పూట ఆమె కలిపి పెట్టనీ. మిగతా పూటలు వాడి చేత్తో వాడే తినాలి. నేల మీద మెతుకులు పడితే పడనీ, తుడుచుకుంటే పోతాయి. హాస్టల్లో దుప్పటి ఎట్లా మడిపిస్తారో, పళ్ళు తోమడానికి ముందు ఏ మాట అంటారో అడిగి తెలుసుకుని అదే వరసలో, అదే మాటతో ఇంట్లోనూ చేయించు. అక్కడొక పద్ధతి, ఇక్కడొక పద్ధతి అయితే పిల్లాడికి రెండు చోట్లా దిక్కు తోచదు.

ఒకటి మాత్రం ముందే చెప్తున్నా. మొదటి శుక్రవారాలు ఇంటికి రాగానే వాడు రచ్చ చేస్తాడు. కేకలు, కొరకడం, నేల మీద పడి దొర్లడం ఏదైనా రావచ్చు. వారమంతా బిగపట్టుకున్నది ఇంటికి రాగానే వదిలేస్తారు. అంతమాత్రాన హాస్టల్లో కొట్టారని అనుకోవద్దు. శుక్రవారం రాత్రి చుట్టాల్ని పిలవొద్దు, గుడికి తీసుకెళ్ళొద్దు. నీళ్ళు పోసి, పెరుగన్నం పెట్టి, ఫ్యాను కింద పడుకోబెట్టు.

ఆ నీళ్ళు పోసేటప్పుడే ఒళ్ళంతా ఒకసారి చూడు. మాటలు రాని పిల్లాడు, దెబ్బ తగిలినా చెప్పలేడు. ఏదైనా గుర్తు కనపడితే తేదీ వేసి రాసుకో, ఫొటో తీసి పెట్టుకో. చిన్న గీతలాంటిదైతే సోమవారం వార్డెన్‌ని నిదానంగా అడుగు. పిల్లలు ఒకరినొకరు గీరుకోవడం, బాత్రూంలో జారడం మామూలే, నిజాయతీ ఉన్న హాస్టలైతే నువ్వు అడక్కముందే పుస్తకంలో రాసి ఉంటుంది. ఒక మనిషిని చూసి కొత్తగా బెదరడం, బట్టలు విప్పబోతే వణకడం లాంటివి కనిపిస్తే మాత్రం సోమవారం దాకా ఆగొద్దు, మొహమాటపడొద్దు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యి. పిల్లల మీద లైంగిక నేరాలకి 2012లో వచ్చిన పోక్సో చట్టం మాటలు రాని పిల్లలకీ వర్తిస్తుంది.

హాస్టల్ చూడ్డానికి వెళ్ళినప్పుడు ఆఫీసు గదిలో కాఫీ తాగి వచ్చేశారని మీ ఆయన చెప్పాడు. మళ్ళీ వెళ్ళండి. పొద్దున ఆరున్నరకి, బాత్రూంల దగ్గర హడావిడి ఉన్నప్పుడు వెళ్ళండి. నేల తడిగా ఉందా, తలుపులకి గొళ్ళెం బయటి నుంచి కూడా తీయొచ్చా, ఒక ఆయా ఎంతమందికి స్నానం చేయిస్తుంది, రాత్రి గదిలో పెద్దవాళ్ళెవరు పడుకుంటారు, మేలుకుని ఉండేవాళ్ళెవరు. ఇవి ముందు అడగండి, గోడల మీది రంగులూ బొమ్మలూ తర్వాత చూసుకోవచ్చు. ఇట్లాంటి పిల్లలకి చెప్పే టీచర్లకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ అనే కేంద్ర సంస్థ ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, అడిగితే తప్పేం లేదు, ఉన్నవాళ్ళు సంతోషంగా చూపిస్తారు. మొదటి వారమే నాలుగు రాత్రులూ ఉంచకుండా, కొన్నాళ్ళు పగలు మాత్రం, తర్వాత ఒకటి రెండు రాత్రులు, అట్లా మెల్లగా పెంచమని కూడా అడగండి. ఒప్పుకునే చోట్లు ఉన్నాయి.

ఫిట్స్ మందు రెండు పూటలా ఉంది కదా, దాని సంగతి గట్టిగా పట్టించుకో. ఒక్క పూట తప్పినా ఫిట్స్ రావచ్చు. విడి మాత్రలు కవర్లో వేసి ఇవ్వొద్దు, పేరూ తేదీ కనపడే స్ట్రిప్పు, డాక్టర్ చీటీ నకలు, రెండు మూడు రోజులకి అదనంగా మందు. ఫిట్స్ వస్తే పక్కకి ఒత్తిగిలి పడుకోబెట్టాలని, నోట్లో చెంచా గానీ వేలు గానీ పెట్టకూడదని, అయిదు నిమిషాలు దాటితే ఆసుపత్రికేనని ఆయాలకి నీ నోటితో చెప్పు. చేతిలో తాళాలు పెట్టేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, ఏం చేస్తాం.

ఇక భాష. దీని మీద నేను కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే తప్పు నా కళ్ళముందే జరిగింది. గూడూరు నుంచి ఒక పిల్లాడు వచ్చాడు, ఎనిమిదేళ్ళు, పట్టుమని పది మాటలు రావు. రోజూ రాత్రి అన్నం దగ్గర పళ్ళెం విసిరేసేవాడు. రిజిస్టర్లో బిహేవియర్ ప్రాబ్లం అని రాశారు, కింద సంతకం నాదే. మూడు వారాల తర్వాత ఒక రాత్రి వడ్డన దగ్గర నేనే నిలబడ్డాను. వాడు చాలు, చాలు అంటున్నాడు, మాట స్పష్టంగా రాదు. ఆయా తమిళావిడ, తెలుగు పిల్లల దగ్గర ఒక మాట నేర్చుకుంది, చారు. పాపం ఎంతో ప్రేమగా ఇంకో గరిటె చారు పోస్తోంది! వాడు ఎన్నిసార్లు చాలంటే అన్నిసార్లు పోసింది. విసరక ఏం చేస్తాడు? తెలుగుదాన్నై ఉండీ మూడు వారాలు ఆ మాట వినిపించుకోలేదని ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

అందుకని వాడి మాటలన్నీ ఒక కాగితం మీద రాయి. బూ అంటే నీళ్ళా, చెవి మూసుకుంటే మిక్సీ చప్పుడా, చెయ్యి పట్టి లాగితే బాత్రూంకా, అన్నీ. చాలు అనే మాట అన్నిటికన్నా పైన ఉండాలి. తమిళంలో పోదుం అంటారు. మాట రాకపోతే అరచెయ్యి చూపించడం నేర్పించు, అది ఏ భాషలోనైనా తెలుస్తుంది.

ఇంటికీ హాస్టల్‌కీ మధ్య తిరిగే నోటు పుస్తకం ఒకటి పెట్టు. తిండి, నిద్ర, దొడ్డికి వెళ్ళాడా, మందు వేశారా. ఇంట్లో జరిగినవీ రాయాలి. ఒక పిల్ల సోమవారం నుంచి అన్నం ముట్టలేదు, మూలన తెల్లచీర కట్టిన ఆయా కొంగు పట్టుకుని కూర్చుంది. వాళ్ళ అమ్మమ్మ శనివారం పోయిందని మాకు బుధవారం తెలిసింది. చిన్నపిల్లకేం తెలుస్తుందిలే అని వాళ్ళు రాయలేదట.

దింపేటప్పుడు అంగడికి వెళ్ళొస్తానని అబద్ధం చెప్పొద్దు. అట్లా చెప్పి వెళ్ళిన ఇంటి పిల్లాడు ఆ సంవత్సరమంతా అంగడి అనే మాట వింటే చాలు, గేటు దగ్గరికి పరిగెత్తేవాడు. నువ్వు ప్రతిసారీ ఒకటే మాట చెప్పు, శుక్రవారం రైలు, అమ్మ వస్తుంది. ముద్దు పెట్టి వెనక్కి తిరిగి నడువు. వాడు ఏడుస్తాడు, నువ్వు మలుపు తిరిగేదాకా మాత్రమే ఏడ్చేవాళ్ళు చాలామంది. మలుపు తిరిగి మళ్ళీ వెనక్కొచ్చి చూసే తల్లులతోనే మాకు కష్టం.

వాడికి రోజులు ఎట్లా తెలుస్తాయి అన్నావు కదా. ఇక్కడ మద్రాసులో ప్రతి కొట్లోనూ రోజుకొక కాగితం చింపే క్యాలెండర్ దొరుకుతుంది, ఒకటి నేను కొని పెట్టాను. శుక్రవారం కాగితాల మీద రైలు బొమ్మ అంటించు. పొద్దున్నే ఒక కాగితం చింపాలి, రైలు కనపడిన రోజు అమ్మ వస్తుంది. కానీ ఆ రోజు నువ్వు రాకపోతే మాత్రం ఆ క్యాలెండర్ అబద్ధం అయిపోతుంది. వర్షమైనా, పెళ్ళి ఉన్నా, మీ ఇద్దరిలో ఒకరు సూళ్ళూరుపేట నుంచి మెము లోకల్ రైలు ఎక్కాల్సిందే. నవంబరు తుపాన్లలో రైళ్ళు ఆగితే నాకు చెప్పండి, నేను వెళ్తా. నా పేరు, నా ఫొటో ముందే హాస్టల్లో రాయించి పెట్టండి, లేకపోతే వాళ్ళు పంపరు, పంపకూడదు కూడా.

రాత్రుళ్ళు వీడియో కాల్ వద్దు. నిన్ను ఫోన్లో చూసి, ఫోన్ వెనక్కి తిప్పి అక్కడున్నావేమో అని వెతుకుతాడు. వార్డెన్‌కి ఒక మాట ఫోన్ చేసి తిన్నాడా, పడుకున్నాడా అని అడుగు, చాలు.

బట్టలు కొత్తవి కొనొద్దు. ఎలాస్టిక్ నిక్కర్లు, లేసుల్లేని బూట్లు, అన్నిటికీ చాకలి గుర్తులా చెరగని సిరాతో పేరు. నువ్వు కప్పుకునే పాత దుప్పటి ఒకటి ఉతక్కుండా పంపు. ఆయాల్లో ఒకరి చేతిలో చాటుగా డబ్బు పెట్టొద్దు, మిగతావాళ్ళ చూపు పిల్లాడి మీద పడుతుంది. మురుకులు చేస్తే అందరికీ సరిపడా తీసుకెళ్ళు, పేరు పెట్టి పలకరించు. తక్కువ జీతానికి అందరికన్నా బరువైన పని చేసేది వాళ్ళే.

కాగితాల సంగతి మీ ఆయనకి చెప్పు. యూడీఐడీ, అదే వికలాంగుల గుర్తింపు కార్డు, దేశమంతా చెల్లుతుంది, ఆంధ్రాదని ఇక్కడ ఎవరైనా నసిగితే వినొద్దు. ఇట్లాంటి పిల్లల కోసం కేంద్రం పెట్టిన నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల దాకా ఉంది, థెరపీకి కూడా వస్తుంది, ఏటా రెన్యువల్ మర్చిపోవద్దు. రైల్లో సెకండ్ క్లాసులో, స్లీపర్‌లో వాడికీ తోడు వచ్చేవాళ్ళకీ 75 శాతం రాయితీ ఉంది, రైల్వే వాళ్ళ నమూనాలోనే డాక్టర్ సర్టిఫికెట్ ఉండాలి.

ఊళ్ళోవాళ్ళు పిల్లాణ్ణి హాస్టల్లో పడేశారంటారు. అననీ. వాళ్ళలో ఎవరూ రాత్రి రెండింటికి వాడితో మేలుకోలేదు. సోమవారం నుంచి నువ్వు కాస్త నిద్రపో, చిన్నదానికి తీరిగ్గా జడ వెయ్యి, అది అడగడం మానేసి చాలా రోజులైనట్టుంది. ఒక టర్మ్ గడిచినా వాడు బరువు తగ్గుతూనే ఉంటే, నిద్ర కుదరకపోతే, వెనక్కి తెచ్చేసుకో. ఫీజు కట్టాం కదా అని ఉంచొద్దు.

మొదటి సోమవారం ముందు రోజు వచ్చి మా ఇంట్లో పడుకుంటామన్నావు. వద్దమ్మా. రెండు రాత్రుల్లో రెండు కొత్త మంచాలంటే వాడికి కష్టం. తెల్లవారుజాము బండికి నేరుగా రండి, నేను సెంట్రల్ పక్కనున్న మూర్ మార్కెట్ స్టేషన్‌లో ఇడ్లీ కట్టుకుని నిలబడతా. వాడి మాటల కాగితం మాత్రం ఈ వారంలోనే నాకు పోస్టులో పంపు. ప్రతి మాట పక్కన తమిళంలో రాసి తెస్తాను.

మీ అత్త