.308 వేట రైఫిల్‌కి మజిల్ బ్రేక్ బిగించాలా?

మీ .308 రైఫిల్ పేల్చినప్పుడు భుజం మీదికి గట్టిగా తన్నుతోంది, ట్రిగ్గర్ నొక్కేటప్పుడు ఉలిక్కిపడి గురి తప్పుతోంది, అందుకని బారెల్ చివర మజిల్ బ్రేక్ (తన్నుడు తగ్గించే రంధ్రాల గొట్టం) బిగిద్దామా అని అడిగారు. నేనైతే ముందు చెవుల సంగతి తేల్చుకోమంటాను, భుజం సంగతి తర్వాత.

దానికంటే శక్తిమంతమైన నా .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ రైఫిల్‌కి బ్రేక్ ఉంది. దాని పని అది బ్రహ్మాండంగా చేస్తుంది. తూటా వెనకే దూసుకొచ్చే గ్యాస్‌ను పక్కలకి, కొంత వెనక్కి మళ్లించడం వల్ల తన్నుడు బాగా తగ్గుతుంది. మంచి బ్రేక్ అయితే దాదాపు సగం తగ్గుతుంది. గన్‌పౌడర్ ఎక్కువ పట్టే కాలిబర్లలో (తూటా రకాల్లో) తేడా ఇంకా బాగా తెలుస్తుంది. పేల్చాక కూడా స్కోప్‌లోంచి జంతువు తప్పిపోదు. దెబ్బ ఎక్కడ తగిలిందో, రెండో తూటా అవసరమో కాదో అప్పుడే చూసుకోవచ్చు. గాయపడిన జంతువు తప్పించుకుపోయి నరకం పడకూడదనుకునే వాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

కానీ గ్యాస్‌తో పాటు శబ్దమూ మీ వైపే తిరుగుతుంది. బ్రేక్ లేని రైఫిల్ శబ్దమే 160 డెసిబెల్స్‌కి అటూ ఇటూ ఉంటుంది. 140 దాటితే ఒక్క పేలుడుకే వినికిడి దెబ్బతినవచ్చు. బ్రేక్ పెడితే మీ చెవి దగ్గర ఇంకో 5 నుంచి 10 డెసిబెల్స్ పెరుగుతాయి. 6 డెసిబెల్స్ పెరిగితే శబ్ద పీడనం రెట్టింపైనట్టే. మీ కంటే పక్కన కూర్చున్నవాళ్లకి ఇంకా కష్టం, ఆ గ్యాస్ పోయేది సరిగ్గా వాళ్ల వైపే. ఇలా పోయిన వినికిడి తిరిగి రాదు.

ఆకుల అలికిడి వినపడాలని చాలామంది వేటలో చెవులకి ఏమీ పెట్టుకోరు. మీరూ అంతే అయితే బ్రేక్ వద్దు, నిర్మొహమాటంగా చెబుతున్నాను. ఎలక్ట్రానిక్ ఇయర్ మఫ్స్ దీనికి మంచి దారి: చిన్న చప్పుళ్లను పెంచి వినిపిస్తాయి, పేలుడును అడ్డుకుంటాయి. అవి లేకుండా నేను ఒక్క తూటా కూడా పేల్చను. పక్కనున్న మనిషి కూడా పెట్టుకున్నాడని చూశాకే సేఫ్టీ తీస్తాను.

అసలు .308కి బ్రేక్ దాకా వెళ్లక్కర్లేదేమో. మంచి రికాయిల్ ప్యాడ్ (భుజానికి ఆనే చోట మెత్త), మీ చేతికి సరిపోయే పొడవున్న స్టాక్ (రైఫిల్ వెనక భాగం), కాస్త తేలిక తూటాలు ముందు ప్రయత్నించండి. చాలాసార్లు మనిషి ఉలిక్కిపడేది తన్నుడుకి కాదు, శబ్దానికి. రేంజ్‌లో ప్లగ్గులు పెట్టుకుని వాటి మీద మఫ్స్ వేసుకోండి. మీకు తెలియకుండా మధ్య మధ్య డమ్మీ రౌండ్ (పేలని ఉత్తుత్తి తూటా) కలిపి లోడ్ చేయమని స్నేహితుడికి చెప్పండి. డమ్మీ వచ్చినప్పుడు బారెల్ కిందికి వాలిందంటే లోపం మీ అలవాటులో ఉంది, దాన్ని సాధనతోనే పోగొట్టుకోవాలి. మీ దగ్గర చట్టం ఒప్పుకుంటే సప్రెసర్ (బారెల్ చివర బిగించే సైలెన్సర్) ఇంకా మేలు, శబ్దం, తన్నుడు రెండూ తగ్గుతాయి.

ఇవన్నీ చూశాక కూడా బ్రేకే కావాలనిపిస్తే, బ్రేక్ బిగించడానికి బారెల్ చివర మర (థ్రెడ్) అనుభవమున్న గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవాడు) చేతే వేయించండి. బ్రేక్ రంధ్రం బారెల్‌తో ఒకే వరుసలో లేకపోతే తూటా దానికి తగులుతుంది. పడుకుని కాల్చే అలవాటుంటే అడుగున రంధ్రాలు లేనిది తీసుకోండి, దుమ్ము లేవదు. బిగించినా, తీసేసినా తూటా పడే చోటు మారవచ్చు. కాబట్టి వేటకి ఏ స్థితిలో తీసుకెళ్తారో అదే స్థితిలో మళ్లీ జీరో చేసుకోండి, అంటే గురిపెట్టిన చోటే తూటా పడేలా స్కోప్ సరిచేసుకోండి.