ఆయన రిటైర్మెంటు, పాప ఇంటర్ ఒకే ఏడాది

ప్రశ్న: మా ఆయన ఆర్మీలో హవల్దార్. సర్వీసు పదిహేనేళ్లు అయింది, ఇంకా తొమ్మిదేళ్లు ఉంది. ఇప్పుడు ఫీల్డ్ పోస్టింగ్‌లో ఉన్నారు. పాపకి ఆరేళ్లు, బాబుకి మూడేళ్లు. నెలకు పన్నెండు వేలు పక్కన పెట్టగలం. పిల్లల చదువుకని నెలకు ఎనిమిది వేలు కట్టే ఇరవై ఏళ్ల పాలసీ తీసుకోమని తెలిసిన ఏజెంటు పట్టుబడుతున్నాడు. తీసుకోమంటారా?

జవాబు: వద్దమ్మా. ఇరవై ఏళ్ల పాలసీ డబ్బు చేతికొచ్చేసరికి మీ పాపకి ఇరవై ఆరేళ్లు. ఫీజులు కట్టాల్సింది పదహారో ఏట నుంచి.

సివిల్ ఉద్యోగి అరవై ఏళ్లకు రిటైరయ్యేనాటికి పిల్లల చదువులు చాలావరకు అయిపోతాయి. మీవారు నలభై మూడు, నలభై నాలుగు ఏళ్లకే బయటికొస్తారు. అప్పటికి పాప పదో తరగతి, బాబు ఆరో, ఏడో. అంటే జీతం ఆగి పెన్షన్ మొదలయ్యేదీ, ఇంటర్ ఫీజు మొదలయ్యేదీ ఇంచుమించు ఒకే ఏడాది. మీరు వేసే ప్రతి ప్లానూ ఆ ఏడాదిని చూసే వేయాలి.

పాప పేరున సుకన్య సమృద్ధి ఖాతా తెరవండి. పదేళ్లు నిండకముందే తెరవాలి. వడ్డీ ఇప్పుడు 8.2 శాతం, ప్రభుత్వం దాన్ని మూడు నెలలకోసారి సమీక్షిస్తుంది. పోస్టింగ్ మారితే ఖాతాను దేశంలో ఎక్కడికైనా బదిలీ చేసుకోవచ్చు. నెలకు మూడు వేలు వేస్తే, వడ్డీ ఇలాగే ఉంటే, తొమ్మిదేళ్లకు సుమారు 4 లక్షల 70 వేలు అవుతుంది. పదో తరగతి పాసయ్యాక చదువు కోసం అందులో సగం దాకా తీసుకోవచ్చు. మిగతాది మామూలుగా ఖాతా తెరిచిన ఇరవై ఒక్క ఏళ్లకే చేతికొస్తుంది.

బాబు కాలేజీకి ఇంకా పద్నాలుగేళ్లు టైముంది కాబట్టి నాలుగు వేలు ఇండెక్స్ ఫండ్ (షేర్ మార్కెట్ సూచీని అనుసరించే మ్యూచువల్ ఫండ్) సిప్‌లో, అంటే నెలనెలా కట్టే పద్ధతిలో వేయండి. మార్కెట్ పడిన ఏడాది టెన్షన్ పడి ఆపేయకండి. ఇంకో మూడు వేలు మీవారి ఏఎఫ్‌పీపీ ఫండ్ (సైనికుల ప్రావిడెంట్ ఫండ్) కోతలో పెంచమనండి. జీతం చేతికి రాకముందే కట్ అయ్యే డబ్బు కాబట్టి ఖర్చయ్యే భయం లేదు.

మిగిలిన రెండు వేలు ఎందుకో చెప్తాను. దీన్ని ఏ ఏజెంటూ చెప్పడు. ఫీల్డ్ నుంచి సెలవు మీద వచ్చిన నాన్న పిల్లలు ఏది అడిగితే అది కొంటాడు. సైకిల్ ఉన్నా ఇంకో సైకిల్. అది తప్పని నేననను, ఆర్నెల్లు దూరంగా ఉన్న మనిషి ప్రేమ అలాగే బయటపడుతుంది. కానీ ఆ ఇరవై, ముప్పై రోజుల్లో మూడు నెలల పొదుపు ఎగిరిపోయిన ఇళ్లు చాలా చూశాను. నాన్న అంటే కొనిచ్చే మనిషి అని పిల్లలకు అలవాటైపోతుంది కూడా. అందుకే సెలవు ఖర్చుకని వేరే ఖాతాలో నెలకు రెండు వేలు వేయండి. ఆయన రాగానే ఉన్నదెంతో చెప్పి, ఏం కొనాలో పాపనే నాన్నతో కూర్చుని లెక్క వేయనివ్వండి. ఆరేళ్ల పిల్ల కూడికలు బాగానే చేస్తుంది.

ఇక సీఈఏ, అంటే పిల్లల చదువు భత్యం. 2024 జనవరి నుంచి ఒక్కో పిల్లకు నెలకు 2,812 రూపాయల 50 పైసలు, ఏడాదికి 33,750. ఇద్దరు పిల్లలకు, పన్నెండో తరగతి దాకా ఇస్తారు. బాబు నర్సరీలో చేరితే వాడికీ వస్తుంది. ఫీజు ఎంత కట్టారన్నదానితో సంబంధం లేదు, స్కూలు నుంచి బోనఫైడ్ సర్టిఫికెట్ చాలు. ఏడాదికోసారి ఒకేసారి వస్తుంది కాబట్టి పండగ బోనస్ లాగా కరిగిపోతుంది. రాగానే వచ్చే ఏడాది ఫీజుకని ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేసేయండి. రిటైరయ్యాక ఇది ఆగిపోతుంది, సరిగ్గా పాప ఇంటర్‌కి వచ్చేటప్పటికి. ఇంటర్ అయ్యాక మాత్రం ప్రైమ్ మినిస్టర్ స్కాలర్‌షిప్ ఉంది. మాజీ సైనికుల పిల్లలు ప్రొఫెషనల్ కోర్సుల్లో చేరితే అమ్మాయికి నెలకు 3,000, అబ్బాయికి 2,500. ఇంటర్‌లో 60 శాతం మార్కులు ఉండాలి, అయితే సీట్ల లాగే వాటికీ పోటీ ఉంటుంది. నమ్ముకుని కూర్చోకండి.

రిటైరయ్యే రోజున ఇంకో పరీక్ష ఎదురవుతుంది. పెన్షన్‌లో సగం దాకా అమ్ముకుని ఒకేసారి డబ్బు తీసుకోవచ్చు. చుట్టాలంతా ‘ఇల్లు కట్టేయండి’ అంటారు. అమ్ముకున్న భాగం పదిహేనేళ్ల దాకా తిరిగి రాదు. మీ పిల్లలిద్దరి చదువులూ ఆ పదిహేనేళ్లలోనే ఉన్నాయి. ఇల్లు ఆగుతుంది, సెమిస్టర్ ఫీజు ఆగదు.

బీమా సంగతి. సర్వీసులో ఉన్నంతకాలం ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్స్ ఉంది. దానికి తోడు మీవారి పేరున విడిగా టర్మ్ పాలసీ, అంటే మనిషికి ఏమైనా అయితేనే కుటుంబానికి డబ్బిచ్చే బీమా, ఒకటి తీసుకోండి. ఆపరేషన్‌లో ఏమైనా జరిగితే క్లెయిమ్ ఇస్తారా అన్నది కంపెనీ నుంచి రాతపూర్వకంగా తీసుకున్నాకే సంతకం పెట్టండి. దీని ప్రీమియం పన్నెండు వేలలోంచి కాదు, ఏటా వచ్చే సీఈఏలోంచి ముందే పక్కకు తీయండి.

ఈసారి ఆయన ఫోన్ చేసినప్పుడు, సిగ్నల్ పోకముందే ఒక్కటి అడగండి: బాబు పుట్టుక పార్ట్ టూ ఆర్డర్‌లో (జవాను కుటుంబ వివరాలను ఆర్మీ రికార్డుల్లోకి ఎక్కించే ఉత్తర్వు) పడిందా? మూడేళ్లు అయినా పడని ఇళ్లు ఉన్నాయి. రికార్డుల్లో పేరు లేకపోతే బాబు సీఈఏ దగ్గరే ఫైలు ఆగిపోతుంది. జనన ధ్రువపత్రం కాపీ ఈ వారమే ఆయనకు పంపించండి.