చలి కాచే బరువెంత? స్లీపింగ్ బ్యాగ్, క్విల్ట్ సందేహాలకు జవాబులు

ప్రశ్న: చలికాలంలో రెండు మూడు సార్లు అనంతగిరిలో టెంటు వేసుకుని పడుకుంటాం. ఈసారి డిసెంబరులో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ ట్రెక్కు కూడా అనుకుంటున్నాం. రెండిటికీ పనికొచ్చే తేలికైన స్లీపింగ్ బ్యాగ్ ఒకటి కొందామని వెళ్తే, లేబుల్ మీద 2, -4, -20 అని మూడు అంకెలున్నాయి. షాపతను ‘మైనస్ 20 దాకా ఢోకా లేదు సార్’ అంటున్నాడు. నమ్మొచ్చా? (కూకట్‌పల్లి)

జవాబు: నమ్మకండి. ఆ మూడింటిలో మీరు చూడాల్సింది మొదటిదే. ఇవి ఐఎస్ఓ 23537 ప్రమాణం ప్రకారం వేసే అంకెలు. లోపల వేడి పుట్టించే బొమ్మకు ఒంటినిండా బట్టలు తొడిగి, కింద మందమైన మ్యాట్ పరిచి, సంచిలో పడుకోబెట్టి, ఒంటి వేడి ఎంత బయటికి పోతోందో కొలిచి లెక్క కడతారు. మొదటిది కంఫర్ట్: సగటు ఆడమనిషి ఒళ్లు సడలించి హాయిగా నిద్రపోగల చలి. రెండోది లిమిట్: సగటు మగమనిషి కాళ్లు ముడుచుకుని ఎలాగో తెల్లవార్చగల చలి. మూడోది ఎక్స్‌ట్రీమ్: ఆరు గంటలపాటు ప్రాణం నిలుస్తుందన్న అంచనా. అందులో నిద్ర ఊసే లేదు, వేళ్లు చలికి దెబ్బతినే ప్రమాదం కూడా ఉంది. ఆ అంకె చెప్పి సంచి అమ్మడం ముమ్మాటికీ తప్పు.

ఇక రెండిటికీ ఒకటే అన్న ఆలోచన మానుకోండి. అనంతగిరిలో చలి బాగా ఉన్న రాత్రి కూడా 10 డిగ్రీల చుట్టుపక్కలే. కేదార్‌కంఠ శిఖరం 3,800 మీటర్ల ఎత్తు, డిసెంబరులో మంచు మీద క్యాంపు, రాత్రి సున్నాకు చాలా కిందికి పోతుంది. అక్కడికి కంఫర్ట్ మైనస్ 10 ఉన్న సంచి కావాలి. దాన్ని అనంతగిరికి మోసుకెళ్తే అర్ధరాత్రి చెమట పోస్తుంది, జిప్ తీస్తారు, తడిసిన బట్టలతో తెల్లవారుజామున నాలుగింటికి వణుకు మొదలవుతుంది. ఏడాదికోసారి వెళ్లే మంచు ట్రెక్కుకు అద్దెకు తీసుకోవడమే మేలు, లోపలికి సిల్కు లైనర్ (సంచి లోపల వేసుకునే పలచని గుడ్డ సంచి) మాత్రం మీదే తీసుకెళ్లండి. డబ్బు పెట్టేది మన వైపు చలికి, అంటే కంఫర్ట్ 5 డిగ్రీల దగ్గర ఉన్నదానికి పెట్టండి.

ఆ చలికి జిప్పూ హుడ్డూ ఉన్న సంచి కన్నా క్విల్ట్ మంచిదని మా అభిప్రాయం. క్విల్ట్ అంటే వీపు కింద భాగం లేని బొంత. పాదాల దగ్గర మాత్రం సంచిలా మూసి ఉంటుంది. మన బరువుకు నలిగిపోయిన ఈకలు ఎలాగూ వేడి ఆపవు కాబట్టి ఆ భాగాన్ని తీసేశారు. మంచి డౌన్ (బాతుల మెత్తటి నూగు ఈకలు) క్విల్ట్ 500, 600 గ్రాముల్లో వస్తుంది. ఇబ్బందల్లా పక్కల నుంచి దూరే గాలి. భుజాల దగ్గర వెడల్పు 130 సెంటీమీటర్లకు తగ్గకూడదు, పక్కకు తిరిగి పడుకునేవారికి 140 కావాలి. మెడ దగ్గర బిగించే తాడు, మ్యాట్‌కు కట్టే పట్టీలు ఉన్నాయో లేదో చూడండి. షాపులోనే నేల మీద పడుకుని రెండుసార్లు అటూ ఇటూ దొర్లండి. వీపు బయటపడిందంటే అది మీకు చాలదు. తలకు కప్పు ఉండదు కనుక ఉన్ని టోపీ తప్పనిసరి.

ఫిల్ పవర్ 800 అని రాసి ఉంటే అంతటితో మురిసిపోవద్దు. ఒక ఔన్సు, అంటే 28 గ్రాముల ఈకలు ఎన్ని ఘనపు అంగుళాల మేర పొంగుతాయన్నదే ఆ అంకె. లోపల ఎన్ని గ్రాములు నింపారో కూడా అడగాలి. 800 రకం 250 గ్రాములు పొంగినంతే 600 రకం 330 గ్రాములు పొంగుతాయి. వెచ్చదనం ఒకటే, 80 గ్రాముల బరువు తగ్గినందుకే ఆ ఎక్కువ ధర. బయటికి తెచ్చి వెలుతురుకు ఎత్తి పట్టుకోండి. ఈకలున్న చోట నీడ చిక్కగా, లేనిచోట గుడ్డ పలచగా మెరుస్తూ కనిపిస్తుంది. కుట్ల గీత వెంబడి సన్నని వెలుగు మామూలే. రెండు కుట్ల మధ్య ఈకలు నింపిన గదిలో అరచేతంత ఖాళీ కనిపిస్తే మాత్రం వద్దనండి.

ప్రశ్న: లంబసింగిలో జనవరి రాత్రి. కంఫర్ట్ 5 డిగ్రీల బ్యాగ్, పైన శాలువా కూడా. అయినా నడుము కింద ఐసు పెట్టినట్టుంది. బ్యాగ్ నకిలీదా? కింద యోగా మ్యాట్ వేసుకున్నాను. (సైనిక్‌పురి)

జవాబు: బ్యాగ్‌ను అనుమానించకండమ్మా, లోపం యోగా మ్యాట్‌లో ఉంది. పైన ఎన్ని కప్పినా వీపు వేడిని నేల పీల్చేస్తుంది. మ్యాట్ ఎంత అడ్డుపడుతుందో ఆర్-వాల్యూ చెబుతుంది. 6 మిల్లీమీటర్ల యోగా మ్యాట్‌కు అది ఒకటి కూడా ఉండదు. 10 మిల్లీమీటర్ల గట్టి ఫోమ్ మ్యాట్‌కు ఒకటిన్నర దాకా వస్తుంది. లంబసింగిలో ఒక్కోసారి సున్నా దగ్గరికి దిగుతుంది కనుక మీకు 3 కావాలి. ఆర్-వాల్యూలు కలుస్తాయి: అలాంటి ఫోమ్ మ్యాట్లు రెండు ఒకదాని మీద ఒకటి వేస్తే 3 దగ్గరికి వచ్చేస్తారు, ఖర్చూ తక్కువే. గాలి నింపే పరుపు ఎత్తుగా మెత్తగా ఉందని మోసపోవద్దు. లోపల ఏ పొరా లేని పరుపులో గాలి కిందికీ పైకీ తిరుగుతూ మీ వేడిని నేలకు చేరవేస్తుంది. ఇంకొకటి, చలికి ముఖం బ్యాగ్ లోపల పెట్టుకోకండి. ఊపిరి తడి ఈకల్లోకి చేరి తెల్లారేసరికి అవి అణిగిపోతాయి.

ప్రశ్న: డౌన్ బ్యాగ్‌ను దాని చిన్న సంచిలోనే కుక్కి అటక మీద పెట్టాను. వానాకాలం పోయాక తీస్తే ముక్క వాసన, పైగా దుప్పటిలా పలచబడింది. (మలక్‌పేట)

జవాబు: నెలల తరబడి నలిగి, తేమ పట్టింది. చాలావరకు తిరిగి వస్తుంది. డ్రై క్లీనింగ్‌కు ఇవ్వకండి, ఈకల సహజమైన నూనె పోతుంది. డౌన్ కోసం అమ్మే ద్రవ సబ్బుతో, ముందు తలుపున్న వాషింగ్ మెషీన్‌లో, 30 డిగ్రీల నీళ్లలో, సున్నితమైన సైకిల్‌లో ఉతకండి. మధ్యలో కడ్డీ ఉన్న మెషీన్ గుడ్డను చింపేస్తుంది. సబ్బు పోయేలా రెండుసార్లు జాడించండి. బయటికి తీసేటప్పుడు ఒక కొస పట్టి లాగారంటే తడి ఈకల బరువుకు లోపల ఈకల గదుల మధ్య ఉన్న గుడ్డ గోడలు తెగుతాయి. రెండు చేతులూ కింద పెట్టి పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తాలి.

అసలు పని ఆరబెట్టడం. డ్రయర్‌లో తక్కువ వేడి మీద, రెండు మూడు టెన్నిస్ బంతులు వేసి, మూడు నాలుగు గంటలు తిప్పాలి. మధ్యమధ్య ఆపి వేళ్లతో తడమండి. గోలీల్లాంటి ఉండలు తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే. పైకి ఆరిందని ఇక్కడ ఆపేస్తేనే మళ్లీ ముక్క వాసన వస్తుంది. డ్రయర్ ఇంట్లో లేకపోతే డ్రయర్ ఉన్న లాండ్రీకి బంతులు వెంట తీసుకెళ్లండి. తర్వాత ఒకరోజు ఫ్యాను కింద పరచండి.

ఇకమీదట పాత నూలు చీరతో దిండు గలీబు కన్నా నాలుగింతలు పెద్ద సంచి కుట్టించి, అందులో వదులుగా పెట్టండి. అటక వద్దు, బీరువా పై అర చాలు. వానాకాలంలో తెరిపి ఇచ్చినప్పుడల్లా తీసి నీడన గాలికి ఆరేయండి. కలరా ఉండలు వేయకండి, ఆ వాసన టెంటులో నిద్ర పట్టనివ్వదు.

ప్రశ్న: ఇంట్లో దూది రజాయి ఉండగా ఇవన్నీ ఎందుకు? (చార్మినార్)

జవాబు: కారులో వెళ్లి పక్కనే టెంటు వేసేటట్టయితే రజాయే తీసుకెళ్లండి, దాని కింద మ్యాట్ మాత్రం మరవకండి. నడిచి వెళ్లేటప్పుడే చిక్కు. మూడు కిలోలకు తక్కువ తూగదు, బ్యాక్‌ప్యాక్‌లో సగం అదే. మంచుకు తడిస్తే దూది నీళ్లు పట్టి బరువెక్కుతుంది, ఆ రాత్రికిక ఆరదు. డౌన్ కొనే ఖర్చు వద్దనుకుంటే సింథటిక్ క్విల్ట్ చూడండి. కాస్త బరువు ఎక్కువ, కానీ తడిసినా కొంత వేడి నిలుపుతుంది. వానాకాలంలో క్యాంపుకు వెళ్లేవారికి డౌన్ కన్నా అదే నయం.